ముల్లు మీది నాలుగో కాగితం

ఐదో తారీఖు ఉదయం పదకొండు దాటి పది నిమిషాలకు నా చేతిలో ఉన్న సరుకు ఇది. డబ్బు చాలలేదని బ్యాంకు తిప్పి పంపిన చెక్కు ఒకటి. దాన్ని జమకు వేసిన పాపానికి నా ఖాతాలోంచి కోసిన నూట ఎనభై రూపాయల తాలూకు చీటీ ఒకటి. ఆ చెక్కు ఇచ్చిన మనిషి ఎదురుగా స్టూలు మీద, ఒళ్లో సంచీతో. టైము నాలుగు గంటల యాభై నిమిషాలు. అంతే పెట్టుబడి.

ముప్పై రెండేళ్లుగా దారాలు, బొత్తాలు, జిప్పులు టోకున అమ్ముతున్నాను. కుట్టుపని వాళ్లందరికీ దారాల బాబాయిని. ఎవరి డబ్బు ఎక్కడ ఇరుక్కుందో వెతికి బయటికి లాగడం నాకు రెండో వ్యాపారం అయిపోయింది. అందులో పైసా మిగల్లేదని మా ఆవిడ ఏటా లెక్క తేల్చి చూపిస్తూనే ఉంది.

స్టూలు మీదున్నది టైలరమ్మ. స్కూలు యూనిఫాంలు కుడుతుంది. పదకొండేళ్ల ఖాతా. ఒక్క రోజు వాయిదా అడగని మనిషి.

"చెక్కు సంగతి తర్వాత. ముందు ఆ నాలుగు గంటల గొడవేంటో చెప్పు," అన్నాను.

"ఓవర్‌లాక్ మిషను బాబాయ్. ఫైనాన్సులో తీసుకున్నాను కదా. నెలనెలా ఐదో తారీఖున నా ఖాతాలోంచి నాలుగువేల రెండొందలు వాళ్లే లాక్కుంటారు. మూడు నెలలుగా డబ్బు లేదని వెనక్కి పోతోంది. ఇవాళ కూడా పోతే నాలుగోసారి. నాలుగు గంటలకు వ్యాను తెచ్చి మిషను ఎత్తుకుపోతామన్నారు."

"ఎత్తుకుపోతే?"

"మూడొందల చొక్కాలు పన్నెండో తారీఖుకి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ స్కూలు ఇంకోళ్లని చూసుకుంటుంది. ఆ తర్వాత మీ దగ్గర దారం కొనే పని కూడా ఉండదు నాకు."

"ఖాతాలో డబ్బెందుకు వెయ్యలేదు?"

తలెత్తింది. "వేశాను."

"ఎప్పుడు?"

"ప్రతిసారీ ఐదునే. పొద్దున్నే."

"పొద్దున్నే అంటే గడియారంలో ఎంత?"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా ఆవిడ కలగజేసుకుంది. "పోలీసులు నయం. ముందు ఆ పిల్లకి మంచినీళ్లివ్వండి."

టైలరమ్మ నీళ్లు తాగి చెప్పింది. బ్యాంకు పదింటికి తీస్తారు. ముందురోజు సాయంత్రం వరకూ వసూళ్లు చేసుకుని, తలుపు తీసే వేళకి గుమ్మంలో ఉంటుంది. పది దాటి పది నిమిషాల్లో నాలుగువేల ఐదొందలు కట్టేసి వెళ్లిపోతుంది. ఇవాళ కూడా అంతే.

"కట్టగానే ఫోనుకి మెసేజ్ రావాలి. వచ్చిందా?"

"ఎప్పుడూ మూడింటికో మూడున్నరకో వస్తుంది. ఇవాళ్టిది ఇంకా రాలేదు."

నేను ఆ మాటని పక్కన పెట్టుకున్నాను. పాస్‌బుక్ తీసుకున్నాను. గత మూడు ఐదో తారీఖులూ ఒకే వరసలో ఉన్నాయి. మొదట వాయిదా వెనక్కి. దాని కింద ఐదొందల తొంభై జరిమానా. దాని కింద ఆమె కట్టిన నగదు జమ, ఆ తర్వాత గుడ్డకీ కూలీలకీ అని ఆమె తీసుకున్నవి. ఆ పైన నెలాఖరులో 'కనీస నిల్వ లేదు' అని రెండొందల యాభై. మూడు నెలల్లో మూడు ఐదొందల తొంభైలు, మూడు రెండొందల యాభైలు. ఈ కోతల వల్లే ఇరవై ఎనిమిదిన నాకిచ్చిన చెక్కుకి మూడొందల నలభై తక్కువైంది. అది తిరిగొచ్చింది. దానికింకో ఐదొందల తొంభై. వాళ్లే కోస్తారు, కోసినందువల్ల తగ్గితే తగ్గిందని మళ్లీ కోస్తారు. మొత్తం మూడువేల నూట పది. మూడొందల చొక్కాలకి ఆమెకి మిగిలేది అంతకి రెట్టింపు కూడా ఉండదు.

"చలాన్ ముక్కలు దాచావా?"

సంచీలోంచి కొలతల పుస్తకం తీసింది. ఏ కాగితం చేతికొస్తే దాన్ని ఆ రోజు కొలతలు రాసిన పేజీకి గుండుసూదితో గుచ్చేయడం ఆమె అలవాటు. గుడ్డ ముక్కలు, బొత్తాలు, కరెంటు బిల్లు, అన్నీ ఉన్నాయి. పేజీలు తిప్పుతుంటే వేళ్లకి సూదులు దిగుతున్నాయి. మూడు చలాన్ ముక్కలు దొరికాయి. నాలుగోది, ఇవాళ్టిది, ఇంకా సంచీలోనే ఉంది. అన్నిటి మీదా బ్యాంకు ముద్ర, తారీఖు. టైము లేదు. కానీ మూలన ఎర్ర సిరాతో ఒక అంకె ఉంది. పోయిన నెలది నాలుగు. అంతకుముందుది ఆరు. ఆ ముందుది మూడు. ఇవాళ్టిది మళ్లీ నాలుగు.

"ఈ అంకెలేంటి?"

"కౌంటర్లో అమ్మాయి వేస్తుంది. డబ్బు కట్టిన వరస."

పాస్‌బుక్‌లో నగదు జమ పక్కన కూడా చిన్న అచ్చులో ఒక నంబరుంది. కంప్యూటర్లో ఎక్కించిన వరస. పోయిన నెల అరవై ఒకటి. అంతకుముందు యాభై ఏడు. ఆ ముందు నలభై తొమ్మిది.

నాలుగో మనిషి అరవై ఒకటో మనిషి ఎలా అయింది?

మా ఆవిడ ముందు బల్ల మీద ఒక ఇనప ముల్లుంది. చెక్క దిమ్మకి నిలబెట్టిన సన్నటి చువ్వ. బిల్లు రాసిన వెంటనే దాని నకలు దానికి గుచ్చేస్తాం. సాయంత్రం పద్దు రాసేటప్పుడు ఆమె ఆ దొంతర మొత్తం ఊడదీసి తిరగేస్తుంది. తిరగేయకపోతే పొద్దున మొదటి బేరం పద్దులో ఆఖర్న వస్తుంది. నేను ఆ ముల్లునే చూస్తూ కాగితం మీద మూడు కూడికలు వేశాను.

"బ్యాంకుకి పోదాం పద," అని లేచాను.

"మన ఆరు లక్షల ఓడీ అప్పు కూడా ఆ బ్యాంకులోనే ఉందని గుర్తుందా?" అంది మా ఆవిడ, నా చెప్పుల వైపు చూస్తూ.

"ఉంది."

"గుర్తుండే వెళ్తున్నారా?"

చెప్పులు వేసుకున్నాను.

బ్యాంకులో అడుగుపెట్టేసరికి పదకొండూ నలభై. గోడ మీద గడియారం, దాని కింద అద్దం బిగించిన బోర్డు: పన్నెండు గంటల లోపు కట్టిన నగదు ఆ రోజు చెల్లింపులకు లెక్కలోకి వస్తుంది. నేను ఆ బోర్డుని రెండుసార్లు చదివాను. అక్షరాలు పెద్దవే. అది రాసినవాళ్లకి కూడా కనిపించేంత పెద్దవి.

నగదు కౌంటర్లో ఉన్నది పాతికేళ్ల అమ్మాయి. వరసలో ఏడుగురు. నేను పక్కకు నిలబడి పది నిమిషాలు ఆమె చేతుల్నే చూశాను. డబ్బు తీసుకుంటుంది, లెక్కపెడుతుంది, చలాన్ మీద ఎర్ర అంకె వేస్తుంది, ముద్ర కొడుతుంది, ముక్క చించి ఇస్తుంది. పెద్ద ముక్కని ఎడమ పక్కనున్న ముల్లుకి గుచ్చుతుంది. పక్కనే కంప్యూటర్ వెలుగుతూ ఉంది. ఒక్కసారి కూడా దాని మీద చెయ్యి వెయ్యలేదు. ముల్లు మీద దొంతర అప్పటికే రెండు వేళ్ల మందం ఉంది. అన్నిటికన్నా అడుగున, దిమ్మకి ఆనుకుని ఉన్నవి పది గంటల మనుషులవి.

వరస ఖాళీ అయ్యాక దగ్గరకెళ్లాను.

"అమ్మా, ఒక లెక్క సరిచూడాలి. పోయిన నెల ఐదున ఈ కౌంటర్లో అరవై నాలుగు చలాన్లు. అంతకుముందు ఐదున అరవై రెండు. ఆ ముందు యాభై ఒకటి. అవునా కాదా?"

ఆమె నన్నూ టైలరమ్మనీ మార్చి మార్చి చూసింది. సొరుగులోంచి పొడుగాటి పుస్తకం తీసి వెనక్కి తిప్పింది. మూడు చోట్ల వేలు ఆగింది.

"ఎవరు చెప్పారంకుల్?"

"నీ ముల్లు చెప్పింది. ఈమె నాలుగో మనిషి, కంప్యూటర్లో అరవై ఒకటి. అడుగునున్న మొదటి కాగితం ఆఖర్న ఎక్కితే మొత్తం అరవై నాలుగు ఉండాలి. ఆరు, యాభై ఏడైతే అరవై రెండు. మూడు, నలభై తొమ్మిదైతే యాభై ఒకటి. మీరు పైనుంచి తీసి ఎక్కిస్తున్నారు. అందరికన్నా ముందు లేచి వచ్చినవాళ్లే అందరికన్నా వెనకపడుతున్నారు."

ఆమె ముఖం పాలిపోయింది. అద్దం దగ్గరకి వంగి గొంతు తగ్గించింది. "రోజూ రాగానే ఎక్కిస్తానంకుల్. నేనేం పని తప్పించుకోను. ఐదో తారీఖు మాత్రం సిస్టం నెమ్మదిగా ఉంటుంది, రెండయ్యాక ఎక్కించమని చెబుతారు."

"ఎవరు?"

"నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదంకుల్."

"సరే. ఆ ప్రశ్న నేనడగలేదు. వాయిదాలు ఎన్నింటికి తెగుతాయి?"

"రెండింటికి. అప్పటికి ఖాతాలో ఉంటే పోతాయి, లేకపోతే వెనక్కి."

ఆమె వెనక కంప్యూటర్ తెర మీద గడియారం సెకన్లతో సహా చకచకా తిరుగుతోంది. నాకు అది నెమ్మదిగా ఏం కనిపించలేదు. నెలకి ముప్పై రోజులుంటే, జీతగాళ్లూ కూలోళ్లూ అందరి వాయిదాలూ పడే ఆ ఒక్కరోజే దానికి నీరసం వస్తుందట. గడియారం చూశాను. పన్నెండూ ఐదు.

"ఏమ్మా, మళ్లీ వచ్చిందా తిప్పలు?"

వెనకనుంచి ఆ గొంతు. నీళ్ల డ్రమ్ము పక్కన బెంచీ మీద తోలు సంచీతో ఎప్పుడూ కనిపించే మనిషి. బ్యాంకు ఉద్యోగి కాడు. బ్యాంకు కోసిన జరిమానాలు వెనక్కి ఇప్పించి, వచ్చినదాంట్లో సగం తీసుకుంటాడు. అందుకే ఊరంతా సగం సారు అంటారు. ఇస్త్రీ చొక్కా, ముఖం నిండా జాలి.

"మీ పని నేను చూస్తానని పోయిన నెలే చెప్పాను. వినలేదు. ఇదిగో, అంతా టైపు చేయించి ఉంచాను. సంతకం పెడితే చాలు. పదిహేను రోజుల్లో మీ సగం మీ చేతిలో ఉంటుంది."

టైలరమ్మ నా వైపు చూసింది. నేను ఫారం అందుకున్నాను.

"తమరు ఎవరు మాస్టారూ?" అన్నాడు.

"దారాలమ్ముకుంటాను."

"అయితే ముడులు విప్పడం మాకొదిలెయ్యండి."

"ముళ్లు వేసేవాళ్లకే అది బాగా తెలుస్తుంది లెండి," అంటూ చదివాను.

పైన వరస నంబరు నూట పద్దెనిమిది. ఆమె పేరు, ఖాతా నంబరు. కింద జరిమానాల జాబితా, తారీఖులతో. ఒక్కోదాని పక్కన ఆకుపచ్చ సిరాతో చిన్న టిక్కు, తోక పైకి మెలితిప్పినట్టుంది. మూడు ఐదొందల తొంభైలు. మూడు రెండొందల యాభైలు. చెక్కు తాలూకుది. ఎనిమిదో వరస ఇంకో ఐదొందల తొంభై. మొత్తం మూడువేల ఏడొందలు.

నా లెక్క మూడువేల నూట పది. నా లెక్క ఎప్పుడూ తప్పదని కాదు, కానీ ఐదొందల తొంభై తప్పదు. ఎనిమిదో వరస తారీఖు చూశాను. ఈ నెల. ఐదు.

"ఇప్పుడు టైమెంత?" అన్నాను.

"పన్నెండూ పది," అన్నాడు చేతి గడియారం చూసుకుని, ఎందుకడిగానో తెలియక.

"ఇవాళ్టి వాయిదా రెండింటికి తెగుతుంది. ఆ తర్వాతే జరిమానా పడుతుంది. ఇంకా గంటా యాభై నిమిషాలుంది. ఈమె వాయిదా వెనక్కి పోతుందని బ్యాంకుకే ఇంకా తెలీదు. మీకెట్లా తెలిసింది?"

జాలి ముఖంలోంచి జాలి జారిపోయింది. "టైపింగు తప్పు. ఇలా ఇవ్వండి."

"తప్పైతే దిద్దుతాను. నా దగ్గరుంచుకుని దిద్దుతాను."

"అది నా కాగితం." చెయ్యి చాపి కొస పట్టుకున్నాడు. నేను రెండో కొస వదల్లేదు.

"మీ కాగితం మీద ఈమె ఖాతా నంబరెందుకుంది? ఈమె ఇచ్చిందా? నువ్విచ్చావా అమ్మాయ్?"

"నేనెప్పుడూ ఇవ్వలేదు," అంది టైలరమ్మ. ఈసారి గొంతు తగ్గించలేదు. "మా ఆయనకే తెలీదు నా ఖాతా నంబరు. మీకెవరిచ్చారు?"

వరసలో కొత్తగా నిలబడ్డ నలుగురు ఇటు తిరిగారు. వాళ్లలో ఒక పెద్దావిడ, "నాకూ ఇట్లాగే రాసుకొచ్చాడమ్మా, నేనడక్కుండానే," అంది.

సగం సారు కొస వదిలేశాడు. "నలుగురికి సాయం చేసినందుకు ఇదా మర్యాద? నేను లేకపోతే మీకు సగం కూడా రాదు."

"మీరు లేకపోతే మొత్తం పోయేదే కాదేమో. అదే తేల్చుకుందామని వచ్చాను."

సంచీ చంకన పెట్టుకుని మేనేజరు గది వెనక సందులోకి నడిచాడు. వీధి గుమ్మం ఇటు ఉంటే ఆయన అటు వెళ్లాడు. నేను ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టుకున్నాను.

పన్నెండూ ముప్పైకి మేనేజరు తనే బయటికొచ్చి పిలిచాడు. వయసు యాభై, మెత్తటి మాట. ఆరేళ్లుగా నా ఓడీ కాగితాల మీద సంతకం ఆయనదే. మా ఇద్దరికీ కుర్చీలు చూపించాడు.

"బాబాయ్ గారూ, చిన్న విషయానికి హాల్లో కేకలెందుకు?"

"కేకలు నేను వెయ్యలేదండీ. లెక్క చెప్పాను." చలాన్ ముక్కలు నాలుగూ బల్ల మీద పరిచాను, పాస్‌బుక్ పక్కన. "పన్నెండు లోపు కట్టిన నగదు ఆ రోజు చెల్లింపుకి లెక్కని మీ గోడ మీదే ఉంది. ఈమె ప్రతిసారీ మొదటి పదిమందిలో ఉంది. అయినా డబ్బు లేదన్నారు. అది డబ్బు లేకపోవడం కాదు, మీరు ఎక్కించకపోవడం. మీరు పని ఆలస్యం చేస్తే జరిమానా ఆమెకా?"

"సిస్టం..."

"సిస్టం సంగతి నాకొద్దు. ఆమెకి కోసిన మూడువేల నూట పదీ, ఆమె చెక్కుకి నాకు కోసిన నూట ఎనభయ్యీ వాపసు ఇమ్మని రాతపూర్వకంగా అడుగుతున్నాను. తీసుకున్నట్టు ముద్ర వేసివ్వండి. మీరివ్వకపోతే పై ఆఫీసుకి. అక్కడ పలక్కపోతే ఖాతాదారుల ఫిర్యాదులు వినేవాళ్లకి. కాగితాలు నాలుగు సెట్లు తీయిస్తాను, రూపాయికి ఒకటి."

ఆయన చలాన్ ముక్కల్ని చూశాడు. ఎర్ర అంకెల దగ్గర చూపు ఒక్క క్షణం ఆగింది. వెంటనే నవ్వి, అంతా వాపసు ఇచ్చేద్దామన్నాడు. నేను వాదనకి సిద్ధమై కూర్చున్నాను. ముప్పై రెండేళ్లలో అడిగిన మొదటి ధరకే ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు. అలాంటి బేరంలో సరుకు విప్పి చూసుకోవాలని నాకు తెలుసు. అయినా టైము పన్నెండూ నలభై ఐదు. నాక్కావలసింది ఒకటే.

"ముందు ఇవాళ్టి నాలుగో చలాన్ ఎక్కించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

ఫోనెత్తి కౌంటర్‌కి చెప్పాడు. రెండు నిమిషాల్లో టైలరమ్మ సంచీలో ఫోను మోగింది. నాలుగువేల ఐదొందలు జమ. ఆమె ఆ మెసేజ్‌ని పెదాలు కదుపుతూ మూడుసార్లు చదువుకుంది.

"మూడువేల నూట పది వాపసు. మీ నూట ఎనభై కూడా," అన్నాడు మేనేజరు. ఓచర్ మీద ఆయనే రాశాడు, ఆయనే సంతకం పెట్టాడు, అంకెల పక్కన టిక్కు పెట్టాడు. "సంతోషమేనా? ఆ చలాన్ ముక్కలు రికార్డుకి ఇచ్చెయ్యండి. ఆ ఫారం కూడా."

టైలరమ్మ ముక్కలు తీసి ఇవ్వబోయింది. నేను నా చెయ్యి వాటి మీద పెట్టాను.

"నకళ్లు ఇస్తామండీ. అసలు కావాలంటే ఏమేం తీసుకున్నారో, వాటి మీద ఏ అంకెలున్నాయో రాసి సంతకం పెట్టివ్వండి."

"నన్ను నమ్మరా?"

"నమ్ముతాను. ఆరేళ్లుగా మీకు నేను రాసిచ్చిన కాగితాలు గంపెడున్నాయి. మీరూ నన్ను నమ్ముతూనే రాయించుకున్నారు కదా."

టైలరమ్మ నవ్వాపుకోలేక పైట అడ్డం పెట్టుకుంది. మేనేజరు నవ్వలేదు. అసలు కాగితాలు అక్కర్లేదన్నాడు. మేం రాసిచ్చిన అర్జీ మీద మాత్రం ముద్ర వేసి, ఓచర్ నకలు ఇచ్చాడు. ఓచర్ చేతికొచ్చాక మనసు తేలికపడాలి. పడలేదు. ఎక్కడో ఒక కుట్టు తప్పింది, అదేదో తెలియడం లేదు.

రెండింటి దాకా హాల్లో బెంచీ మీదే కూర్చున్నాం. రెండూ ఏడుకి రెండో మెసేజ్ వచ్చింది. వాయిదా నాలుగువేల రెండొందలు చెల్లు.

మూడూ యాభై ఐదుకి ఆమె కొట్టు ముందు వ్యాను ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో తాడు. టైలరమ్మ ఓవర్‌లాక్ ముందు కూర్చుని చొక్కా అంచు కుడుతూనే ఉంది. లేవలేదు. మిషను ఆపలేదు.

"అమ్మా, లేవండి. బండి నింపుకోవాలి," అన్నాడు తాడున్నవాడు.

ఎడమచేత్తో ఫోను వాడి ముఖం ముందు పెట్టింది. "చదువుకో."

చదివాడు. ఆఫీసుకి ఫోను చేసి కనుక్కున్నాడు. "పాత మూడింటివీ, వాటి ఆలస్యం ఫీజు పదిహేనొందలూ ఇంకా ఉన్నాయి."

"పాతవి ఈ నెలాఖరుకి కడతాను. ఆ ఫీజు మాత్రం ఎవరి వల్ల పడిందో వాళ్లు కడతారు. కాగితాలున్నాయి నా దగ్గర. గుండుసూదులతో సహా." దారం తెంపి చొక్కా పక్కన పడేసి ఇంకోటి అందుకుంది. "ఆ తాడు జాగ్రత్త. పోయేటప్పుడు కాళ్లకి చుట్టుకుంటుంది."

వ్యాను ఖాళీగా వెళ్లింది. మిషను చప్పుడు ఆగలేదు.

కొట్టుకి తిరిగొచ్చి అన్నీ బల్ల మీద పెట్టాను. ఓచర్ నకలు రంగుల్లో తీసిచ్చారు. దాని పక్కన సగం సారు ఫారం విప్పాను. మేనేజరు పెట్టిన టిక్కు ఆకుపచ్చగా ఉంది, తోక పైకి మెలితిప్పినట్టుంది. ఫారంలో ఎనిమిది టిక్కులూ అంతే. ఎనిమిదో వరస పక్కది కూడా.

అప్పుడు తప్పిన కుట్టు దొరికింది. ఆ గదిలో నేను చలాన్ల గురించి మాట్లాడాను, బోర్డు గురించి మాట్లాడాను. ఫారం ఊసే ఎత్తలేదు. జేబులోంచి బయటికి తియ్యలేదు. 'ఆ ఫారం కూడా' అని ఆయనే అడిగాడు. మనుషుల్ని ముల్లుకి గుచ్చి కింద పెట్టేదీ, వాళ్ల ఖాతా నంబర్లు సగం సారుకి అందించేదీ, సగంలో సగం తీసుకునేదీ ఆ మెత్తటి మాట మనిషే. మొదటి ధరకే ఒప్పుకున్నది ఉదారంగా కాదు. కాగితాలు చవగ్గా కొనేద్దామనుకున్నాడు.

ఫోను మోగింది. మా ఆవిడ ఎత్తింది. వింటూ నన్ను చూసింది. "సరేనండి" అని పెట్టేసింది.

"మేనేజరు. మన ఓడీ ఇక పొడిగించరట. సోమవారం పదింటికల్లా ఆరు లక్షలూ కట్టెయ్యాలట."

నేను ఫారాన్ని ఆమె వైపు జరిపాను.

"ఇవాళ ఐదు. సోమవారం ఎనిమిది," అంది. ఏటా చెప్పే లెక్కే చెబుతుందనుకున్నాను. ఆమె ముల్లు మీద బిల్లుల దొంతర ఊడదీసి, తిరగేసి, పద్దు పుస్తకం తెరిచింది. "చెప్పండి, రాస్తాను. ఈ వ్యాపారంలో ఇవాళ ఏం మిగిలిందో."

చెప్పాను. ఆమె రాసింది.

టైలరమ్మకి వచ్చింది, మూడువేల నూట పది. నాకొచ్చింది, నూట ఎనభై. ఆటోకీ నకళ్లకీ పోయింది, నూట పది. నికరం డెబ్బై. ఆమె మిషను ఆమె దగ్గరే. రావలసినవి, ఫైనాన్సు ఫీజు పదిహేనొందలు. కట్టవలసినవి, ఆరు లక్షలు, మూడు రోజుల్లో. చేతిలో ఉన్నవి, ఆకుపచ్చ టిక్కులున్న ఫారం ఒకటి. వరస నంబరు నూట పద్దెనిమిది.

"అంటే దీనికి ముందు?" అంది కలం ఆపి.

"నూట పదిహేడు మంది. వాళ్ల చలాన్ ముక్కలన్నీ కలిపితే పై ఆఫీసు వినక తప్పదు. రేపు పొద్దున మొదలెడితే సోమవారానికి ఎంతమందిని కలవగలమో వెయ్యి లెక్క."